ఎర్రని పండు తింటే రక్తం పడుతుందా?

"ఒంట్లో రక్తం తక్కువగా ఉంది" అని డాక్టరు చెప్పగానే చాలా ఇళ్ళలో మొట్టమొదట జరిగే పని దానిమ్మపళ్ళు కొనడం. తర్వాత బీట్‌రూట్ వస్తుంది. రెండూ ఎర్రగా ఉంటాయి కనుక అవి తింటే ఒంటికి రక్తం పడుతుందని తరతరాలుగా మనకొక నమ్మకం. ఖరీదైనా సరే, కాన్పుకు పుట్టింటికి వచ్చిన అమ్మాయికి రోజూ ఒక దానిమ్మపండు ఒలిచి పెట్టే తల్లులు ఎందరో!

ఆ తల్లుల ప్రేమను తప్పు పట్టనక్కరలేదు. దానిమ్మ మంచి పండే. కాని రక్తం పట్టడానికి ముఖ్యంగా కావలసింది ఇనుము. అది దానిమ్మలో చాలా తక్కువ. 100 గ్రాముల దానిమ్మ గింజల్లో ఇనుము అర మిల్లీగ్రాము కూడా ఉండదు. వయసు వచ్చిన స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క కట్టింది. ఈ లెక్కన రోజుకొక పండు తిన్నా కావలసినదానిలో ముప్పయ్యో వంతు కూడా రాదు. బీట్‌రూట్ కూడా ఇంచుమించు అంతే. పండు రంగుకూ, రక్తం రంగుకూ సంబంధం లేదు.

మరి శరదృతువులో బజారు నిండా పళ్ళు వస్తున్నాయి కదా, వాటివల్ల రక్తానికి ప్రయోజనమే లేదా అని మీరు అడగవచ్చు. ఉంది. అయితే ఆ ప్రయోజనం మనం అనుకునే దారిలో రాదు.

ఇనుము ఉన్నా ఒంటబట్టదు

మన భోజనంలో ఇనుము ఉండనే ఉంటుంది. పప్పులో, పెసల్లో, రాగుల్లో, నువ్వుల్లో, తోటకూరలో ఉంది. చిక్కేమిటంటే, గింజలనుంచీ ఆకులనుంచీ వచ్చే ఇనుము సులభంగా ఒంటబట్టదు. మాంసం, చేపలనుంచి వచ్చే ఇనుము అంతకంటె తేలికగా వంటబడుతుంది. ధాన్యాల్లో, పప్పుల్లో ఉండే ఫైటేట్లు అనే పదార్థాలు ఇనుమును పట్టి ఉంచుతాయి. భోజనం కాగానే తాగే టీ, కాఫీ కూడా అదే పని చేస్తాయి. ఇలా తిన్న ఇనుములో చాలా భాగం రక్తంలోకి చేరకుండానే బయటికి పోతుంది.

ఈ బంధాన్ని విడదీసేది సి విటమిన్. కడుపులో అది ఇనుమును పేగులు పీల్చుకోగల రూపంలోకి మారుస్తుంది. కాని ఒక షరతు ఉంది. ఇనుమూ, సి విటమినూ ఒకే పూట, ఒకే భోజనంలో కడుపులోకి చేరాలి. మధ్యాహ్నం పప్పన్నం తిని, సాయంత్రం అయిదు గంటలకు పండు తింటే ఆ పండులోని సి విటమిన్ మీ ఒంటికి వేరే విధంగా పనికి వస్తుందే గాని, మధ్యాహ్నం తిన్న పప్పులోని ఇనుముకు తోడు రాదు.

అందుచేత పండును ఫలహారంగా విడిగా కాక, భోజనంలో ఒక వంటకంగా తినాలి. ఇందుకు సాలడ్ చక్కని మార్గం. పేరు ఇంగ్లీషుదైనా వంటకం మనకు కొత్త కాదు. శ్రీరామనవమి నాటి వడపప్పులో కీరదోస ముక్కలు కలపడం, ఉప్పూ కారం అద్దిన జామముక్క, దోసకాయ పెరుగుపచ్చడి అన్నీ ఆ కోవలోనివే.

ఏ పండు ఎంచుకోవాలి?

ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో దొరికే పళ్ళలో ఈ పనికి జామను మించినది లేదు. 100 గ్రాముల జామకాయలో సి విటమిన్ 200 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. బత్తాయిలో ఉన్నదానికి ఇది ఎన్నో రెట్లు. స్త్రీకి రోజుకు కావలసింది 65 మిల్లీగ్రాములే. అంటే ఒక మోస్తరు కాయలో సగం చాలు! జామలో సి విటమిన్ తొక్కలోనూ, తొక్కను ఆనుకున్న కండలోనూ ఎక్కువ. కాబట్టి తొక్క తీయవద్దు.

ఉసిరికాయ కూడా సి విటమినుకు పెట్టింది పేరు. కార్తీకంలో వనభోజనాలకు వెళ్ళినప్పుడు నాలుగు కాయలు తెచ్చుకుంటే సాలడ్‌లోకి తురుముకోవచ్చు. సీతాఫలం ఈ రుతువుకే అందమైన పండు గాని, ముక్కలుగా నిలవదు, తీపి ఎక్కువ. దాన్ని విడిగా తినడమే మేలు. దానిమ్మను మానేయనక్కరలేదు. రుచికీ, కంటికింపుగా ఉండడానికీ గుప్పెడు గింజలు చాలు.

"జామకాయ తింటే జలుబు చేస్తుంది" అని పిల్లల్ని అదిలించే పెద్దలున్నారు. జలుబు వైరస్ వల్ల వస్తుంది, జామకాయ వల్ల కాదు. వానలు తగ్గి చలి మొదలయ్యే రోజుల్లో జలుబులూ ఎక్కువే, జామకాయలూ ఎక్కువే. అందుకే నేరం జామకాయ మీద పడింది.

జామకాయ సాలడ్ (నలుగురికి)

దోరగా పండిన జామకాయలు: 2 పెద్దవి (సుమారు 300 గ్రాములు)
దానిమ్మ గింజలు: అర కప్పు
కీరదోసకాయ: 1
క్యారట్: 1
మొలకెత్తిన పెసలు: 1 కప్పు
వేయించి పొట్టు తీసిన వేరుశనగ పప్పు: 2 పెద్ద చెంచాలు
సన్నగా తరిగిన కొత్తిమీర: 2 పెద్ద చెంచాలు

మొలకెత్తిన పెసలను ఆవిరి మీద 5 నిమిషాలు ఉడికించి చల్లార్చండి. పచ్చి మొలకలు తడిగా, వెచ్చగా పెరుగుతాయి కనుక వాటిలో సూక్ష్మజీవులు కూడా పెరిగే అవకాశం ఉంది. ముఖ్యంగా గర్భిణులకు, చిన్న పిల్లలకు పచ్చివి పెట్టకండి. మొలక కట్టడంవల్ల ఇంకొక లాభం కూడా ఉంది. ఇందాక చెప్పిన ఫైటేట్లు కొంత తగ్గుతాయి.

జామకాయలను, కీరాను చిన్న ముక్కలుగా కోయండి. పళ్ళు లేని పెద్దవారికైతే జామ మధ్యలోని గింజలు తీసివేయండి. క్యారట్‌ను తురమండి. వేరుశనగ పప్పును కచ్చాపచ్చాగా దంచండి.

ఇంట్లో చేసుకునే డ్రెస్సింగ్

సాలడ్ మీద పోసి కలిపే పుల్లని రసాన్ని డ్రెస్సింగ్ అంటారు. సీసాల్లో అమ్మే వాటిలో ఉప్పు, చక్కెర, నూనె తరచు ఎక్కువగా ఉంటాయి. అయిదు నిమిషాల్లో మన పోపులపెట్టెలోని సరుకులతోనే దీన్ని తయారు చేసుకోవచ్చు.

నిమ్మకాయలు 2 పిండి రసం తీయండి. అందులో వేరుశనగ నూనె గాని, నువ్వుల నూనె గాని 2 చిన్న చెంచాలు, బెల్లం తురుము 1 చిన్న చెంచా, వేయించి కొట్టిన జీలకర్ర పొడి అర చెంచా, మిరియాల పొడి పావు చెంచా, అల్లం రసం అర చెంచా, ఉప్పు పావు చెంచా వేయండి. మూత గట్టిగా ఉన్న సీసాలో పోసి, నూనె, రసం కలిసి తెల్లగా చిక్కబడేదాకా బాగా గిలకొట్టండి. ఉసిరికాయలు దొరికితే ఒక నిమ్మకాయ తగ్గించి ఒక ఉసిరికాయ తురుము కలపండి.

నూనె ఎందుకని సందేహించకండి. క్యారట్‌లో ఎ విటమిన్‌గా మారే పదార్థం ఉంది. అది ఒంటబట్టడానికి కొద్దిగా నూనె కావాలి. నలుగురికి 2 చెంచాలు అంటే మనిషికి అర చెంచాయే.

డ్రెస్సింగ్‌ను వడ్డించే ముందే కలపండి. ముందుగా కలిపి ఉంచితే ఉప్పుకు కీరా నీరు వదిలి, సాలడ్ పులుసులా తయారవుతుంది. కోసిన ముక్కలు గాలికి ఉన్నకొద్దీ సి విటమిన్ కూడా తగ్గిపోతుంది.

పెరుగుతో కూడా డ్రెస్సింగ్ చేయవచ్చు. చిక్కని పెరుగులో కొద్దిగా ఆవపిండి, ఉప్పు, కొత్తిమీర కలిపితే మన ఆవపెట్టిన పెరుగుపచ్చడి రుచి వస్తుంది. పిల్లలు ఇష్టంగా తింటారు. కాని పెరుగులోని కాల్షియం ఇనుము ఒంటబట్టడాన్ని కొంత తగ్గిస్తుంది. అందువల్ల రక్తహీనత ఉన్నవారు భోజనంలో నిమ్మరసం సాలడ్‌నే తినాలి. పెరుగు సాలడ్‌ను సాయంత్రం పలహారానికి ఉంచుకోండి.

పైన చెప్పిన కొలతల్లో మనిషి వంతుకు జామ 75 గ్రాములు వస్తుంది. దానిలోనే సుమారు 150 మిల్లీగ్రాముల సి విటమిన్ ఉంటుంది. దానిమ్మతో కలిపి పళ్ళు దాదాపు 100 గ్రాములవుతాయి. రోజుకు ఇన్ని పళ్ళు తినాలని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార సూచనలు కూడా చెబుతున్నాయి.

ఎవరికి మిగులుతుంది?

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ కూడా సగానికి మించి స్త్రీల పరిస్థితి ఇదే. చదువుకున్న ఇళ్ళు, ఉన్న ఇళ్ళు దీనికి మినహాయింపు కావు.

మన ఇళ్ళలో వడ్డన ఎలా జరుగుతుందో ఒకసారి గమనించండి. మగవారు, పిల్లలు, అత్తమామలు తిన్న తర్వాత ఇల్లాలు కూర్చుంటుంది. అప్పటికి సాలడ్ గిన్నెలో మిగిలేది అడుగున చేరిన నీళ్ళూ, నాలుగు కీరా ముక్కలూ. ఎవరికైతే ఇది ఎక్కువ అవసరమో వారికే అందదు. కాబట్టి సాలడ్‌ను ఒకే గిన్నెలో పెట్టి వడ్డించకండి. డ్రెస్సింగ్ కలపకముందే ఇంట్లో ఎందరుంటే అన్ని చిన్న గిన్నెల్లోకి సమానంగా పంచండి. మీ గిన్నె మీద మూత పెట్టి పక్కన ఉంచండి. మీరు తినడానికి కూర్చున్నప్పుడు మీ వంతు రసం కలుపుకోండి. ఈ పని ఇల్లాలు తనకోసం తాను చేసుకోవడానికి మొహమాటపడుతుంది. ఇంట్లో తక్కినవారు పూనుకుంటే మరీ మంచిది.

భోజనం కాగానే కాఫీ, టీ తాగే అలవాటు ఉంటే కనీసం గంటసేపు ఆగండి.

కడగడంలో జాగ్రత్త

ఈ రోజుల్లో కోస్తాలో తుపాను వానలు పడుతుంటాయి. మంచినీళ్ళు కలుషితమయ్యే కాలం కూడా ఇదే. పచ్చిగా తినే వాటికి శుభ్రత ముఖ్యం. ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. పళ్ళను, కూరలను కోయకముందే ధారగా పడే నీటి కింద రుద్ది కడగండి. కోసిన తర్వాత కడిగితే విటమిన్లు నీళ్ళపాలవుతాయి. మీ ఊళ్ళో నీళ్ళ మీద నమ్మకం లేకపోతే కాచి చల్లార్చిన నీళ్ళతో చివరగా మరోసారి కడగండి. ఉప్పునీళ్ళలో వేసినంత మాత్రాన సూక్ష్మజీవులు చావవు. మాంసం, చేపలు కోసే కత్తిని, పీటను దీనికి వాడకండి. రోడ్డు పక్కన కోసి ఉంచిన పళ్ళముక్కలు కొనవద్దు.

వీరు ఆలోచించి తినాలి

మధుమేహం ఉన్నవారు బాగా మగ్గిన జామకు బదులు దోరకాయ వేసుకుని, బెల్లం మానేయాలి. పండు తిన్న పూట అన్నం కాస్త తగ్గించాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి పళ్ళలోని పొటాషియం హాని చేయవచ్చు. వారు డాక్టరు చెప్పిన మేరకే తినాలి. తరచు రక్తం ఎక్కించుకునే తలసీమియా రోగుల్లో ఇనుము ఇప్పటికే ఎక్కువగా పేరుకొని ఉంటుంది కనుక వారూ డాక్టరును అడగాలి. గుండెల్లో మంట ఉన్నవారు నిమ్మరసం, మిరియాలు తగ్గించాలి. చిన్నపిల్లలకు వేరుశనగ పప్పును మెత్తగా పొడి చేసి వేయండి, పలుకులు గొంతుకు అడ్డం పడతాయి. బెల్లానికి బదులు తేనె వాడితే ఏడాది నిండని పసిబిడ్డకు ఆ సాలడ్ రవ్వంత కూడా నాకించవద్దు.

మాత్రలు మానవద్దు

చివరగా ఒక ముఖ్యమైన మాట. హిమోగ్లోబిన్ స్త్రీలలో 12 గ్రాములకు, గర్భిణుల్లో 11 గ్రాములకు తగ్గితే దాన్ని రక్తహీనత అంటారు. ఆ స్థితికి వచ్చినవారికి ఏ సాలడూ వైద్యం కాదు. డాక్టరు రాసిన ఇనుము మాత్రలు వాడవలసిందే. గర్భిణులకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఇవి ఉచితంగా ఇస్తారు. మలం నల్లగా వస్తోందని భయపడి మానకండి, అది ఇనుము రంగే. మాత్రను పాలతో, టీతో కాక నీళ్ళతోనో, నిమ్మరసంతోనో వేసుకోండి.

బహిష్టు రక్తస్రావం ఎక్కువగా ఉన్నా, మొలల్లోంచి రక్తం పోతున్నా, కడుపులో కొంకిపురుగులు ఉన్నా రక్తం ఎంత పట్టినా నిలవదు. బి12 విటమిన్ లోపంవల్ల కూడా రక్తహీనత వస్తుంది, అది పళ్ళలో, కూరల్లో దొరకదు. కనుక నాలుగడుగులు వేస్తే ఆయాసం, ఎప్పుడూ నీరసం, కనురెప్పల లోపల పాలిపోవడం కనిపిస్తే ముందు రక్తపరీక్ష చేయించుకోండి. కారణం తెలుసుకుని మందు వాడుతూ, దానికి తోడుగా ఈ రుతువంతా రోజూ మధ్యాహ్నం భోజనంలో ఒక గిన్నెడు జామకాయ సాలడ్ తినండి. దానిమ్మపళ్ళకు పెట్టే డబ్బులో సగంతోనే ఇంటిల్లిపాదికీ జామకాయలు వస్తాయి.