ఆ నవలలో నాన్న ఎక్కడ?

నేరాలతో బతికే ఒక కుటుంబం. ఆ ఇంటి వారసుణ్ణి ప్రేమించిన పదిహేడేళ్ల పిల్ల. అడుగడుగునా ప్రాణగండం. మా ఏటికొప్పాకలో కాలేజీకెళ్లే ఆడపిల్లలు కూడా ఇప్పుడు ఇలాంటి ఇంగ్లీషు నవలలు ఫోన్లలో చదువుతున్నారు. చదవనివ్వండి. ఒకప్పుడు వారపత్రికల్లో సీరియల్స్ చదివే ఆడవాళ్లని కూడా పాడైపోతున్నారనే అన్నారు. అలా అనేవాళ్ల పక్కన నేను నిలబడను. నా పేచీ వేరు. ఆ కథల్లో నేరమంతా అబ్బాయి ఇంట్లోనే ఉంటుంది. అమ్మాయి పుట్టిల్లు మాత్రం ఎప్పుడూ భద్రమైన చోటే!

మన సినిమా ఇంకో దారి తొక్కింది. 2010లో వచ్చిన 'మర్యాద రామన్న'లో చంపడానికి కాచుకున్నది అమ్మాయి తండ్రి, అన్నలే. కానీ అది సీమ ఫ్యాక్షన్ ఇల్లు, పాత పగ. కులం ఊసుండదు. చివరికి తండ్రి మనసు మారుతుంది, మనం నవ్వుకుంటూ ఇంటికొస్తాం. కత్తులున్నది వాళ్లింట్లో, మనింట్లో కాదు అన్న ధీమాతో.

మిర్యాలగూడలో ఏ ఫ్యాక్షన్ ఉంది? 2018 సెప్టెంబర్ 14న గర్భవతి అయిన భార్య కళ్లెదుటే ప్రణయ్‌ని నరికి చంపారు. అతను దళితుడు. ఆమె వైశ్యుల పిల్ల. కిరాయికి మనుషుల్ని పెట్టింది తండ్రేనని పోలీసులు కేసు పెట్టారు. విచారణ ముగియకముందే, 2020లో ఆయన చనిపోయాడు. 2025 మార్చి 10న నల్గొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం విధించింది. ఆ ఆరుగురిలో ఆమె బాబాయి ఒకడు. వ్యాపారం చేసుకునే మామూలు కుటుంబం. పక్కింటివాళ్లలాంటి కుటుంబం. అయినా ఆ తండ్రి కడుపుకోత గురించి మాట్లాడినవాళ్లు ఎంతమంది!

'నిషిద్ధ ప్రేమ' అని అందంగా రాసేస్తాం. నిషేధించిందెవరు? చట్టం కాదు. ఇష్టపడి పెళ్లి చేసుకునే మేజర్ల జోలికి ఎవరూ వెళ్లకూడదని, వాళ్లకు రక్షణ ఇవ్వాలని సుప్రీంకోర్టు 2018 మార్చి 27నే చెప్పింది. ఆర్నెల్లు తిరక్కుండానే ప్రణయ్ హత్య జరిగింది. నిషేధించేది కులం. దాన్ని అమలు చేసేది ఇల్లు. ఫోను లాక్కోవడం, చదువు మాన్పించడం, హడావుడిగా సంబంధం చూడటం, అమ్మచేత ఏడిపించడం... కత్తి వీటన్నిటి తర్వాత వస్తుంది. మా ఊళ్లో అంకుడు కర్రతో చేసి లక్క అద్దిన పెళ్లిజంట బొమ్మలు కొనేటప్పుడు వాళ్లదే కులమని ఎవరూ అడగరు. కూతురి విషయంలో మొదట అడిగేది అదే.

పదిహేడేళ్ల పిల్ల చదువుకోవడానికి ఈ ఇంటి కథ తెలుగులో ఎంత రాశాం? రచయిత్రులం మనమే రాయాలి. అందులో దళిత ప్రేమికుడు చచ్చిపోవడానికే పుట్టినవాడు కాకూడదు. అతనికీ చదువు, సరదా, కోపం, ఒక తల్లీ ఉండాలి. అమ్మాయికి ప్రేమ ఒక్కటే కాదు, పారిపోతే తలదాచుకునే చోటు, చేతిలో డబ్బు, తోడొచ్చే స్నేహితురాలు కూడా ఉండాలి. తండ్రికి ప్రేమ ఉంటే ఉండనివ్వండి. ఆ ప్రేమ పేరుతో చేసిన నేరాన్ని మాత్రం నేరమనే రాద్దాం.