ఆయమ్మ జీతం దగ్గర మనం

మన ఇళ్లల్లో పెద్దవాళ్లు పోయాక పెట్టే ఖర్చుకు బేరం ఉండదు. పెద్దకర్మకు ఐదొందల విస్తళ్లు లేచాయని, వచ్చినవాళ్లందరికీ స్టీలు గిన్నెలు పంచామని చెప్పుకుంటాం. చేతిలో లేకపోతే అప్పు చేసైనా జరిపిస్తాం. అదే మనిషి ఊపిరితో ఉండి, మంచాన పడి ఏడాదో రెండేళ్లో లేవలేని రోజుల్లో, చూసుకోవడానికి వచ్చిన ఆయమ్మను గుమ్మంలో నిలబెట్టి వెయ్యి రూపాయల కోసం బేరమాడతాం. ఇలా చేస్తున్నది మనమే. చదువుకున్నవాళ్లం, నెలజీతాలవాళ్లం, అమ్మానాన్నలంటే ప్రేమ ఉన్నవాళ్లం.

హైదరాబాద్‌లో ఏజెన్సీ ద్వారా ఇరవై నాలుగ్గంటలూ ఇంట్లో ఉండే మనిషిని పెట్టుకుంటే ఇప్పుడు నెలకు ఇంచుమించు 20 నుంచి 30 వేలు అవుతుంది. నర్సింగ్ చదివిన మనిషి కావాలంటే ఇంకా ఎక్కువ. ఏజెన్సీకి ముందుగా కట్టే రిజిస్ట్రేషన్ ఫీజు వేరే. మనం ఇచ్చిన దాంట్లో ఆమె చేతికి ఎంత పోతుందో చాలామందిమి అడగం. డైపర్లు రోజుకు మూడు మార్చినా నెలకు మూడు వేలకు తక్కువ కావు. ఎయిర్ బెడ్, అండర్ ప్యాడ్లు, యూరిన్ బ్యాగులు, ఇంటికొచ్చే ఫిజియోథెరపిస్టు. అన్నీ కలిపితే ఓ మోస్తరు ఉద్యోగి నెల సంపాదన అక్కడే అయిపోతుంది.

ఈ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందని మనం ముందుగా ఆలోచించింది లేదు. పిల్లల చదువులకు చీటీలు వేశాం, పెళ్లికని బంగారం కొన్నాం, ఊరి బయట ప్లాటు తీసుకున్నాం. మంచానికి మాత్రం ఏమీ తీసిపెట్టలేదు. ఎందుకంటే ఆ పని తరతరాలుగా డబ్బులేకుండా జరిగిపోయింది. కోడలు చేసింది. పెళ్లికాని కూతురు చేసింది. భర్త పోయి పుట్టింటికి చేరిన అక్క చేసింది. అన్నదమ్ములు వంతులు వేసుకున్న ఇళ్లల్లోనూ వంతు కొడుకుదైతే చాకిరీ కోడలిది. అత్తగారి కోసం ఆమె ఉద్యోగం మానేస్తే, పోయిన ఆ జీతాన్ని ఏ ఇల్లూ ఖర్చు కింద రాయలేదు. ఇప్పుడు ఆ కోడలు బెంగళూరులో పనిచేస్తోంది, కూతురు అమెరికాలో ఉంది. కొత్తగా ఖర్చు వచ్చి పడిందని మనం అంటున్నాం. ఖర్చు ఎప్పుడూ ఉంది. ఇన్నాళ్లూ దాన్ని ఆడవాళ్ల చేత కట్టించాం.

ఆ చాకిరీ ఏమిటో దగ్గర నిలబడి చూసినవాళ్లు బేరమాడలేరు. మంచాన పడ్డ మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. భుజం పట్టి లాగితే పలచబడిన చర్మం ఊడొస్తుంది. ఒంటి కింద అడ్డంగా పరిచిన దుప్పటిని రెండు వైపులా చుట్టి పట్టుకుని, కొంచెం ఎత్తి జరపాలి. మోకాళ్ల మధ్య ఒక దిండు, వీపు వెనక ఒకటి, మడమలు పరుపుకు ఒత్తుకోకుండా పిక్కల కింద ఇంకొకటి. నడుం కింద, తుంటి దగ్గర ఎర్రబారిందేమో చూడాలి. వేలితో నొక్కినా ఆ ఎరుపు పోకపోతే పుండు మొదలైనట్టే. ముక్కులో ట్యూబు ఉంటే తలవైపు ఎత్తి, జావ నెమ్మదిగా పోసి, తర్వాత కనీసం అరగంట అలాగే ఉంచాలి. రాత్రి పదికి, పన్నెండుకు, రెండుకు, నాలుగుకు లేవాలి. ఈ పని చేసే మనిషికి నెలలో ఎన్ని రోజులు సెలవు ఇవ్వాలని ఆలోచించిన ఇళ్లు నేను చూసినవి చాలా తక్కువ. గదిలో కెమెరా పెట్టిన ఇళ్లు చాలా చూశాను. డాలస్‌లోనో సిడ్నీలోనో ఉన్న కొడుకు ఫోన్లో చూసి, "మధ్యాహ్నం ఆమె పడుకునే ఉంటోంది" అని ఫ్యామిలీ గ్రూపులో పెడతాడు. తెల్లవారుజామున నాలుగింటికి ఆమె లేచి దుప్పటి మార్చింది కూడా అదే కెమెరాలో ఉంటుంది. దాని గురించి ఎవరం ఏమీ రాయం.

ఈ ఆయమ్మలు శ్రీకాకుళం, పార్వతీపురం వైపు నుంచి, పాలమూరు నుంచి, ఒడిశా నుంచి వస్తారు. మా అపార్ట్‌మెంటు బ్లాకులో ఒక పెద్దాయన్ని చూసుకుంటున్న ఆమెది పాలకొండ దగ్గర పల్లె. ఆమె అత్తకు పక్షవాతం. అక్కడ ఆ అత్తను చూసేది ఆమె పెద్ద కూతురు. మనం ఇచ్చే జీతంతో ఆమె తన ఇంట్లో మరో మనిషిని పెట్టుకోలేదు కాబట్టి ఆ పిల్ల ఎనిమిదో తరగతితో బడి మానేసింది.

ప్రభుత్వాలను మనం అడిగిన దాంట్లోనూ తప్పు ఉంది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పెద్ద ఆపరేషన్లంటే పేదవాళ్లకు ఉన్న భయం చాలా వరకు పోయింది. ఆ మేలు చిన్నది కాదు. అప్పటి నుంచి ప్రతి ఎన్నికల్లోనూ మనం అడిగింది ఇంకొన్ని జబ్బులు, ఇంకొన్ని ఆస్పత్రులు, ఇంకొన్ని లక్షలు. 2024లో 70 దాటిన వాళ్లందరికీ ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల దాకా వైద్యమన్నారు, సంతోషించాం. ఇదంతా ఆస్పత్రిలో ఉన్నన్ని రోజులకే. డిశ్చార్జి కాగితంలో 'రెండు గంటలకోసారి తిప్పాలి, రోజూ ఫిజియోథెరపీ చేయించాలి' అని రాసి పంపుతారు. ఆ రెండు ముక్కలకు అయ్యే ఖర్చు ఏ కార్డులోనూ లేదు, దాన్ని చేర్చమని మనం ఎవర్నీ అడగలేదు.

కేంద్రం వృద్ధాప్య పింఛనులో తన వాటా కింద 80 ఏళ్లలోపు వారికి ఇచ్చేది నెలకు 200 రూపాయలు. తెలంగాణలో ఆసరా వృద్ధాప్య పింఛను 2,016. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి వృద్ధులకు 4,000, పక్షవాతం లాంటి కారణాలతో వీల్‌చైర్‌కో మంచానికో పరిమితమైన వాళ్లకు 15,000 ఇస్తున్నారు. ఇంట్లో మంచాన ఉన్న మనిషికి వేరే ఖర్చు ఉంటుందని ఒక ప్రభుత్వం ఒప్పుకుని ఇంత మొత్తం ఇస్తుంటే, టీవీ ముందు కూర్చుని ఉచితాలు ఎక్కువైపోయాయని విసుక్కున్నది మన తరగతివాళ్లమే. నాన్నకు ఆ పరిస్థితి వచ్చాక, మనకూ అలాంటిది ఏమైనా వస్తుందా అని వాకబు చేసిందీ మనమే.

2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం ప్రకారం పిల్లలు చూడకపోతే ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. అక్కడ ఇప్పించగల మనోవర్తి నెలకు 10 వేలు దాటకూడదు. ఆ పరిమితి తీసేయాలని 2019లో బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. ముసలి తల్లి ఆర్డీవో ఆఫీసు మెట్లెక్కిందని పేపర్లో చదివి ఆ కొడుకును తిట్టుకున్నాం. బిల్లు ఏమైందని ఎవరం అడగలేదు.

జర్మనీలో 1995లో, జపాన్‌లో 2000లో ఇంటిదగ్గర సంరక్షణకు బీమా తెచ్చారు. జపాన్‌లో 40 ఏళ్ల నుంచే అందరూ దానికి డబ్బు కడతారు. అవి సంపన్న దేశాలని పక్కన పెట్టేద్దాం. కేరళ మన పక్కనే ఉంది. 1993లో కోళికోడ్ మెడికల్ కాలేజీలో కొందరు డాక్టర్లు మొదలుపెట్టిన, నయంకాని జబ్బులవాళ్ల బాధ తగ్గించే పాలియేటివ్ సేవను ఊళ్లవాళ్లు అందిపుచ్చుకున్నారు. శిక్షణ తీసుకున్న వాలంటీర్లు ఇళ్లకు వెళ్లి పుండ్లు కడగడం, కబుర్లు చెప్పడం మొదలుపెట్టారు. ఊరివాళ్లు తలా కొంచెం వేసుకున్నారు. 2008లో రాష్ట్రం దానికి ఒక విధానం ప్రకటించింది, పంచాయతీలు నర్సును పెట్టి ఇళ్లకు పంపుతున్నాయి. మన గ్రామసభల్లో సీసీ రోడ్డు అడిగాం, గుడికి ప్రహరీ అడిగాం. విదేశాల్లో ఉన్న మన పిల్లలు ఊరికి ఏదైనా చేస్తామంటే ముఖద్వారం కట్టించమన్నాం. మంచాన ఉన్నవాళ్ల ఇళ్లకు తిరగడానికి ఒక నర్సు, ఒక ఆటో కావాలని అడిగిన ఊరు నాకు తారసపడలేదు.

మా బ్లాకులో లేవలేని పెద్దవాళ్లున్న ఇళ్లు నాలుగు. నలుగురు ఆయమ్మలు. వాళ్లలో ఎవరికీ వారానికో రోజు సెలవు లేదు, ఎందుకంటే ఆ రోజు చూసే మనిషి లేరు. నాలుగు ఇళ్లూ కలిసి ఇంకొక మనిషిని పెట్టుకుంటే, ఆమె వారంలో ఒక్కో ఇంట్లో ఒక్కో రోజు పనిచేస్తే, నలుగురికీ సెలవు దొరుకుతుంది. రోజుకు వెయ్యి ఇచ్చినా ఇంటికి నెలకు నాలుగైదు వేలు. అపార్ట్‌మెంటు అసోసియేషన్‌లో లిఫ్టు మరమ్మతుకు, జనరేటరుకు, సీసీ కెమెరాలకు కలిసి డబ్బులు వేసుకుంటాం. దీనికి మాత్రం కలవలేకపోతున్నాం. మన ఇంట్లో మనిషి ఏ స్థితిలో ఉన్నారో పక్కింటికి తెలియడం ఇష్టం లేదు. ఎవరు ఎంత ఇస్తున్నామో బయటపడుతుందని జంకు. ఆయమ్మలు నలుగురూ ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటే జీతం పెంచమంటారని భయం. ఈ మాట అసోసియేషన్‌లో రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ చూద్దాంలే అని లేచిపోయాం. లేచిన వాళ్లలో నేనూ ఉన్నాను.