మైల మింగించే మాత్ర

వరలక్ష్మీ వ్రతమో, ఇంట్లో పెళ్లో, తిరుపతి ప్రయాణమో దగ్గరపడిందంటే చాలా ఇళ్లలో ఆడవాళ్లు ముందు చూసుకునేది డేటు. అడ్డొచ్చేలా ఉంటే మెడికల్ షాపుకు కబురు వెళ్తుంది. పీరియడ్స్ ఆపే బిళ్లలంటే చాలు, చీటీ అడగకుండా ఇచ్చేసేవాళ్లున్నారు. ఆ బిళ్ల నోరెథిస్టిరాన్ అనే హార్మోను. డాక్టరు రాయనిదే అమ్మకూడని మందు.

డేటుకు 3 రోజుల ముందు మొదలుపెట్టి, 5 మిల్లీగ్రాముల బిళ్ల రోజుకు 3 సార్లు వేసుకుంటారు. ఆపేసిన రెండు మూడు రోజులకు నెలసరి వస్తుంది. ముట్టు ఆగింది కదా, ఇక కడుపు రాదని కొందరి నమ్మకం. అది తప్పు. అండం విడుదలయ్యేది నెలసరికి సుమారు 14 రోజుల ముందు. అప్పుడు గర్భం నిలిచి ఉంటే, మొదటి బిళ్ల మింగేనాటికే పిండం గర్భసంచి గోడకు అంటుకుని ఉండవచ్చు. దాన్ని ఈ బిళ్ల ఆపలేదు. పైగా నెల తప్పిన సంగతి తెలియనివ్వదు. మందు వేడి చేసింది, అందుకే ఆలస్యమని సర్దిచెప్పుకుంటుంటే వారాలు గడిచిపోతాయి. ఈ హార్మోను ఎక్కువ మోతాదులో, ఎక్కువ కాలం పడితే ఆడపిండంలో మగ లక్షణాలు రావచ్చు. అందుకే గర్భిణులు దీన్ని వాడకూడదు.

ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఈ బిళ్ల అవసరం తెచ్చిపెట్టింది ముట్టు మైల అన్న నమ్మకం. నెలసరి రక్తంతో బయటికొచ్చేది గర్భసంచి లోపలి పొర. బిడ్డ నిలిస్తే కుదురుకునేది ఆ పొరలోనే. పిల్ల పెద్దమనిషైతే టెంటు వేసి, ఫ్లెక్సీ కట్టి, ఊరికి భోజనాలు పెడతాం. మరుసటి నెల ఆ పిల్లనే దేవుడి గది గడప తొక్కొద్దంటాం. కారణం అడిగితే ఆచారమన్న మాట తప్ప జవాబుండదు. ఆ ఆచారం కోసం మింగే ఈ మందు రక్తం గడ్డకట్టే జబ్బున్నవాళ్లకూ, కాలేయం చెడినవాళ్లకూ ప్రమాదం. ఆ జబ్బులున్నాయా అని వ్రతం పెట్టుకున్నవాళ్లూ అడగరు, బిళ్ల అమ్మినవాళ్లూ అడగరు.

బిళ్లలు ఆపాక వారంలో నెలసరి రాకపోతే మూత్ర పరీక్ష చేసుకోవాలి. గర్భమని తేలితే, నాలుగు రోజులు మింగినంత మాత్రాన బిడ్డకు అవకరమేనని బెదిరిపోయి, ఆ షాపులోనే కడుపు పోయే మాత్రలు కొనకూడదు. ఎన్ని బిళ్లలు, ఎన్ని రోజులు వేసుకున్నదీ డాక్టరుకు చెప్పాలి. అత్తగారి ముందు నోరు పెగలకపోతే లోపలికి ఒంటరిగా వెళ్లి చెప్పాలి.