మోకాళ్లను చూసి గేర్లు కొనండి

వైద్యవృత్తిలో ఉన్నన్నాళ్లూ చేసిన ఒక తప్పును ఈ వ్యాసంలో ఒప్పుకోదలచాను. మధుమేహం, రక్తపోటు, పెరిగిన పొట్ట, వీటిలో ఏది కనిపించినా మందుల చీటీ అడుగున ‘సైకిల్ తొక్కండి’ అని రాసి పంపేవాణ్ని. ఏ సైకిలు, ఏ గేర్లు, ఎంత వేగంతో కాళ్లు తిప్పాలి అన్నది ఏనాడూ రాయలేదు. మాత్ర పేరు రాసి మోతాదు రాయని వైద్యుణ్ని మీరు ఏమంటారో, నన్నూ అదే అనవచ్చు.

ఈ సంగతి నాకు తెలిసివచ్చింది ఒక విరిగిన మణికట్టు వల్ల. అల్లూరుకు చెందిన ఒక విశ్రాంత ఉపాధ్యాయులు సాయంత్రం ఇస్కపల్లి సముద్రం వైపు సైకిలు మీద వెళుతూ పడిపోయారు. వయసు అరవై దాటింది. చూడవచ్చిన వారందరిదీ ఒకటే మాట: ‘ఈ వయసులో ఆ సైకిలెందుకు మాస్టారూ!’ ఇంటివారు ఆ బండిని వసారాలో గోడకు చేర్చి, దానిమీద పాత దుప్పటి కప్పేశారు. నేను ఎక్స్‌రే చూశాక ఆ బండిని కూడా చూస్తానని అడిగాను. అలా అడగడం నా జీవితంలో అదే మొదటిసారి.

వెనకచక్రం దగ్గర చైనును ఒక పళ్లచక్రం మీది నుంచి మరొకదాని మీదికి జరిపే పరికరం ఉంటుంది. దాన్ని డిరైలర్ అంటారు. అది మెలితిరిగి స్పోకుల మధ్య ఇరుక్కుని ఉంది. పడింది మాస్టారే కాని, తప్పు వయసుది కాదు. ఆ బండిలోని భాగాలు ఒకదానికొకటి సరిపడవు. ఆ బండిలోని గేర్లు ఆయనకు సరిపడవు. ఈ రెండు మాటలూ విడమరచి చెప్పడానికే ఈ వ్యాసం.

వారి కుమారుడు తండ్రి మీది ప్రేమతో ఫ్రేము ఒకచోట, చక్రాలు ఒకచోట, గేర్ల సామాను మరొకచోట కొని, పట్నంలోని ఒక దుకాణంలో రోడ్డు బైకు కట్టించారు. పెడల్ దగ్గర ఉండే ముందు పళ్లచక్రాలు రెండు: 53 పళ్లది, 39 పళ్లది. వెనక ఉండే పళ్లచక్రాల దొంతరను క్యాసెట్ అంటారు. అందులో చిన్నది 11 పళ్లది, పెద్దది 25 పళ్లది. ‘రేసు బండ్లకు ఇవే ఉంటాయి’ అని దుకాణదారు చెప్పాడట. నిజమే, ఉంటాయి. వృత్తిగా పందేలు తొక్కే పాతికేళ్ల యువకుల బండ్లకు ఉంటాయి. పింఛను తీసుకునే మనిషికి వాటిని అమ్మడం, పహిల్వాను ఆహారాన్ని గుండెజబ్బు మనిషికి వడ్డించడం వంటిది.

లెక్క చాలా చిన్నది, మూడో తరగతి భాగహారం వస్తే చాలు. ముందు పళ్లను వెనక పళ్లతో భాగించండి. వచ్చినదాన్ని చక్రం చుట్టుకొలతతో హెచ్చవేయండి. రోడ్డు బైకు చక్రం చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు. పెడల్ ఒక చుట్టు తిరిగితే బండి ఎంత దూరం పోతుందో అదే ఆ ఫలితం. 53కు 11 అయితే పది మీటర్లకు పైమాటే. నిమిషానికి 90 చుట్ల చొప్పున తొక్కితే గంటకు 54 కిలోమీటర్ల వేగం. మాస్టారు ఆ గేరును ఎప్పుడైనా వాడారా అని అడిగాను. నవ్వి ఊరుకున్నారు. మరి అందరికంటే తేలికైన గేరు, అంటే 39కి 25, ఒక చుట్టుకు 3.28 మీటర్లు. మోకాళ్ల కథ అక్కడే మొదలవుతుంది.

‘మా అల్లూరులో కొండలెక్కడున్నాయి, తేలిక గేర్లెందుకు?’ అంటారు మీరు. కొండలు మన జిల్లాకు పడమట, ఉదయగిరి వైపు ఉన్నాయి. మనవైపు వరిపొలాలు, రొయ్యల గుంటలు, బకింగ్‌హాం కాలువ, ఉప్పుమళ్లు. అంతా చాప పరచినట్టు ఉంటుంది. కాని మనకు కొండకు బదులు గాలి ఉంది. మధ్యాహ్నం దాటాక సముద్రం మీది నుంచి వచ్చే గాలికి ఎదురుగా తొక్కి చూడండి. గాలి ఒత్తిడి వేగానికి వర్గంగా పెరుగుతుంది. గాలి లేనప్పుడు 20 కిలోమీటర్ల వేగంతో పోయే మనిషికి 15 కిలోమీటర్ల వేగంతో ఎదురుగాలి తగిలితే, అతని ఒంటిని నెట్టే గాలి బలం మూడురెట్లవుతుంది. నూరు మీటర్లకు ఒకటిన్నర, రెండు మీటర్లు ఎత్తు ఎక్కడంతో దాదాపు సమానం. పైగా కొండకు శిఖరమంటూ ఒకటి ఉంటుంది, ఎదురుగాలికి అదీ లేదు.

ఆ గాలిలో మాస్టారు గంటకు 10 కిలోమీటర్ల వేగంతో పోతున్నారనుకోండి. 39కి 25 గేరులో ఆయన కాళ్లు నిమిషానికి 51 చుట్లు తిరుగుతాయి. అదే వేగానికి ముందు 34, వెనక 34 పళ్లు ఉన్న గేరులో 79 చుట్లు తిరుగుతాయి. చేసే పని ఒకటే, పంచుకునే చుట్లు వేరు. నూరు వాట్ల శ్రమను 51 చుట్లలో చేస్తే సగటున 11 కిలోల బరువుతో పెడల్‌ను నొక్కాలి, 79 చుట్లలో అయితే 7 కిలోలు చాలు. ఇది సగటు మాత్రమే. పెడల్ కిందికి దిగే క్షణంలో అసలు ఒత్తిడి ఇంతకంటే ఎంతో ఎక్కువ. మోకాలు వంగి ఉన్నప్పుడు తొడ ముందు కండరం బలంగా లాగితే మోకాలిచిప్ప వెనకనున్న ఎముకకు గట్టిగా అదుముకుంటుంది. ఆ రెండింటి మధ్య ఉండే మృదులాస్థికి రక్తనాళాలు లేవు. అరిగితే తిరిగి పెరగడం కష్టం. నిమిషానికి 50 చుట్లంటే గంటకు మూడువేల సార్లు ఆ అదుము పడుతుంది. మూడు నెలలు తిరిగేసరికి మెట్లు దిగేటప్పుడు మాస్టారికి మోకాలిచిప్ప చుట్టూ నొప్పి మొదలైందంటే ఆశ్చర్యమేముంది?

ఇంకో ప్రమాదం ఉంది, దీన్ని ఎవరూ చెప్పరు. బరువైన గేరును నొక్కేటప్పుడు మనిషి తనకు తెలియకుండానే ఊపిరి బిగబడతాడు. ఊపిరి బిగబట్టి బలం చేస్తే రక్తపోటు ఒక్కసారిగా ఎగసిపోతుంది. రక్తపోటు తగ్గాలని సైకిలెక్కిన మనిషి చేయవలసిన పనేనా అది?

ఇక్కడ ఒక చరిత్ర చెప్పాలి. టూర్ డి ఫ్రాన్స్ పందేన్ని స్థాపించిన హెన్రీ డెగ్రాంజ్‌కు గేర్లంటే పడదు. గేర్లు నలభైఅయిదేళ్లు దాటినవారికే తగినవని 1902లోనే ఎద్దేవా చేశాడు. ఆ పందెంలో డిరైలర్‌ను 1937 దాకా అనుమతించలేదు. ఆ రోజుల్లో యువకులకు గేర్లు నిషేధం, పెద్దవాళ్లకు అనుమతి. ఈ రోజు మన దుకాణాల్లో చూడండి, పెద్దవాళ్లకు యువకుల గేర్లు అంటగడుతున్నారు. డెగ్రాంజ్ వెక్కిరింతగా అన్నదైనా, నలభైఅయిదు దాటినవారికి తేలిక గేర్లు తగునన్న మాట మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం.

మళ్లీ మాస్టారి దగ్గరకు వద్దాం. నొప్పి అని చెబితే దుకాణంలో వెనక క్యాసెట్ మార్చారు. 25 పళ్ల స్థానంలో 34 పళ్లది వచ్చింది. ఆలోచన సరైనదే. కాని చైను పాతదే, డిరైలర్ పాతదే. ప్రతి డిరైలర్‌కు రెండు హద్దులుంటాయి. ఒకటి, అది మోయగల అతిపెద్ద వెనక పళ్లచక్రం. రెండవది, మొత్తం ఎంత వదులు చైనును లాగి పట్టుకోగలదన్నది. ఈ రెండోదానికి లెక్క ఇది: ముందు చక్రాల పళ్ల తేడాకు వెనక చక్రాల పళ్ల తేడా కలపాలి. 53, 39 మధ్య తేడా 14, 34, 11 మధ్య తేడా 23, మొత్తం 37. ఆ బండికి ఉన్నది పొట్టి చేయి డిరైలర్. దాని హద్దులు వెనక 28 పళ్లు, మొత్తం 33. చైను 25 పళ్లకు కొలిచి కోసినది. ఆ సాయంత్రం ఎదురుగాలిలో మాస్టారు ముందు పెద్ద చక్రం మీదే ఉండి వెనక పెద్ద చక్రానికి మార్చారు. కొత్తవారందరూ చేసే పనే అది. చైను చాలలేదు. డిరైలర్ ముందుకు సాగి, వంగి, స్పోకుల్లో పడింది. చక్రం ఆగింది, మనిషి ముందుకు పడ్డాడు, చేయి చాచాడు, మణికట్టు విరిగింది.

రక్తం ఎక్కించే ముందు మేము క్రాస్ మ్యాచింగ్ చేస్తాం. సీసాలో ఉన్నది రక్తమే, రోగి ఒంట్లో ఉన్నదీ రక్తమే, అయినా పరీక్ష తప్పదు. సైకిలు భాగాల విషయంలో ఆ మాత్రం జాగ్రత్త ఎందుకుండదు? ‘అన్నీ పది గేర్లవే సార్, సరిపోతాయి’ అంటారు. సరిపోవు. షిమానో కంపెనీవే తీసుకోండి. పది గేర్ల రోడ్డు షిఫ్టరుకు పది గేర్ల మౌంటెన్ బైకు డిరైలర్ పొసగదు, ఎందుకంటే ఒక్కో నొక్కుకు తీగ లాగే కొలత వేరు. విచిత్రంగా తొమ్మిది గేర్ల మౌంటెన్ డిరైలర్ పాత పది గేర్ల రోడ్డు షిఫ్టర్లతో చక్కగా పనిచేస్తుంది. టియాగ్రా 4700 శ్రేణి పది గేర్లదే అయినా తన ముందుతరం పది గేర్ల షిఫ్టర్లతో కలవదు. వెనక పళ్లచక్రాల మధ్య ఎడం ఎనిమిది గేర్లకు 4.8 మిల్లీమీటర్లు, తొమ్మిదికి 4.35, పదికి 3.95. గేర్లు పెరిగేకొద్దీ చైను కూడా సన్నబడుతుంది. పదకొండు గేర్ల రోడ్డు క్యాసెట్ పట్టే హబ్ పాతవాటికంటే 1.85 మిల్లీమీటర్లు పొడవు. ఒక మిల్లీమీటరులో ఏముందిలే అనకండి. గేరు సరిగా కూర్చోక, లేచి నిలబడి బలంగా తొక్కుతున్న క్షణంలో చైను జారితే, మీ బరువంతా ఫ్రేము కడ్డీ మీద పడుతుంది. ఆ దెబ్బ మగవారికి ఎక్కడ తగులుతుందో వివరించనక్కరలేదు.

నా సలహా సులభమైనది. ఎక్కువ తెలియనివారు షిఫ్టర్లు, డిరైలర్లు, క్యాసెట్, చైను, క్రాంకు అన్నీ ఒకే శ్రేణిలో ఒకే సెట్టుగా కొనాలి. మిగిలిన డబ్బుతో సోకులు చేసుకోవచ్చు. నిజానికి బండినీ, మోకాళ్లనూ ఒకటిగా చూసేవాడికి 21 గేర్ల సాదా సైకిలే ఖరీదైన రేసు బండికంటే మేలు. ఇరవైయొక్క గేర్లన్నది చాలావరకు ప్రచారమే అనుకోండి: ముందు 28కి వెనక 14 వేసినా, ముందు 48కి వెనక 24 వేసినా ఫలితం ఒక్కటే. కాని అందులో 28కి 28 అనే తేలిక గేరు ఉంటుంది, అది మోకాళ్లకు వరం. అయితే ఆ బండి చక్రాన్నే రోడ్డు బైకుకు తగిలిద్దామనుకునేవారు ఒకటి గమనించాలి. ఆ రకం బండ్లలో చాలావాటికి వెనక ఉండేది మరచుట్లతో బిగించే ఫ్రీవీలు. దానిమీద క్యాసెట్ ఎక్కదు.

‘మా తాత గేర్లే లేని సైకిలు మీద బియ్యం బస్తా వేసుకుని అల్లూరు నుంచి కావలి పోయేవాడు’ అని ఒకరు నాతో వాదించారు. పోయేవారు, నేనూ చూశాను. మా ఇంటి పాత సైకిలు పళ్లు లెక్కపెట్టాను: ముందు 44, వెనక 18. అది బరువైన గేరేమీ కాదు, రేసు బండి పెద్ద గేరులో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. పైగా తాతగారు గాలి ఎక్కువైతే దిగి బండిని నడిపించేవారు, దానికి సిగ్గుపడేవారు కారు. ఇవాళ ఖరీదైన బండి కొన్న మనిషి దిగడానికి సిగ్గుపడతాడు.

మనవైపు ఇంకొక శత్రువు ఉప్పుగాలి. ఇస్కపల్లి ఉప్పుమళ్ల పక్కగా రోజూ తిరిగే బండి చైను లోతట్టు ఊళ్లలోకంటే త్వరగా పాడవుతుంది. ఇంట్లో ఉన్న స్కేలుతోనే కొలవవచ్చు. కొత్త చైనులో 24 లంకెలు కచ్చితంగా 12 అంగుళాలు ఉంటాయి. ఆ పైన అంగుళంలో పదహారో వంతు సాగితే చైను మార్చాలి. ఆలస్యం చేస్తే క్యాసెట్ పళ్లు కూడా అరుగుతాయి. అప్పుడు కొత్త చైను ఒక్కటే వేస్తే పళ్ల మీద నిలవక జారుతుంది.

మాస్టారి కట్టు విప్పాక బండిని మళ్లీ కట్టించాం. ఈసారి ముందు 46, 30. వెనక 11 నుంచి 34. పొడుగు చేయి డిరైలర్, దాని హద్దు 39, మన లెక్కా సరిగ్గా 39. ఆ జీఆర్ఎక్స్ క్రాంకులో పళ్లచక్రాలు 2.5 మిల్లీమీటర్లు బయటికి జరిగి ఉంటాయి కనుక ముందు డిరైలర్‌ను కూడా అదే శ్రేణిలో తీసుకోమని పట్టుబట్టాను. దుకాణంలోని కుర్రవాడు నన్ను వింతగా చూశాడు, డాక్టరుకు ఇవన్నీ ఎందుకన్నట్టు. ‘వేగం తగ్గిపోతుంది సార్’ అని కూడా అన్నాడు. 46కు 11, నిమిషానికి 80 చుట్లు తొక్కితే గంటకు 42 కిలోమీటర్లు. అంతకు మించిన వేగం మాస్టారికి ఎందుకో అతణ్ని చెప్పమన్నాను. చెప్పలేదు.

ఇప్పుడు ఎదురుగాలిలో మాస్టారు మాట్లాడుతూ తొక్కుతున్నారు. ఊపిరి బిగబట్టడం లేదనడానికి నాకు ఆ గుర్తు చాలు. వసారాలో ఉన్న పాత దుప్పటి మాత్రం ఇంకా అక్కడే ఉంది, బండికి ఎండ తగలకుండా కప్పుతున్నారు.