అంతటా ఉన్నా అభ్యర్థే

కోడ్‌లో వేరియబుల్‌కి పేరు పెట్టడం మాకు క్షణం పని. సార్11 కథ చదివాక మాత్రం కొంచెం సిగ్గేసింది. 1990లో సర్గాసో సముద్రపు నీళ్లలో ముందు దీని జన్యువు జాడే దొరికింది. జియోవన్నోని బృందం దీన్ని ల్యాబ్‌లో పెంచగలిగింది 2002లో. పోషకాలు దండిగా వేస్తే దీనికి పడదు, దాదాపు ఉత్త సముద్రపు నీళ్లే కావాలి (మా మెస్ సాంబారు నచ్చేదేమో!). సముద్రంలో అత్యధికంగా ఉండే జీవుల్లో ఇదొకటి. అందుకే 'అంతటా' అనే అర్థం వచ్చేలా పెలాజిబ్యాక్టర్ యుబిక్ అన్నారు. కానీ ముందు 'కాండిడేటస్' తగిలించారు, అంటే అభ్యర్థి! ఎందుకంటే రూల్ ప్రకారం బతికున్న కల్చర్‌ని రెండు వేర్వేరు దేశాల సేకరణ కేంద్రాల్లో భద్రపరచాలి. 2022లో వచ్చిన సీక్‌కోడ్ మాత్రం మంచి జీనోమ్ ఉంటే చాలంటుంది. నా ఓటు దానికే. కాకపోతే, ఫైల్‌ని నీళ్లలో వేసి పెంచలేం కదా అనేవాళ్ల మాటనీ కొట్టిపారేయలేను.