జూన్ రాకముందే కాగితం సంగతి చూసుకోండి

శనగలు అమ్మిన డబ్బు చేతిలో ఉన్నప్పుడే పిల్లల నోటుబుక్కులు కొనిపెట్టుకోండి. కోయిలకుంట్ల, ఉయ్యాలవాడ, దొర్నిపాడు, సంజామల మండలాల తల్లిదండ్రులకు అన్నిటికన్నా ముందు చెప్పవలసిన మాట ఇదే. జూన్ వచ్చిందంటే విత్తనం, ఎరువు, బడి ఫీజు, బస్సు పాసు అన్నీ ఒక్కసారే మీద పడతాయి. నోటుబుక్కుకు గిరాకీ పెరిగేదీ ఆ రోజుల్లోనే. ఏటా ఉండేదే కదా అని తీసిపారేయకండి. రాత కాగితం వ్యాపారం ప్రపంచమంతటా మారిపోతోంది. ఆ మార్పు మన అంగడి దాకా వచ్చేటప్పుడు ముందుగా కబురు పెట్టి రాదు.

ప్రపంచంలో ఏటా 40 కోట్ల టన్నుల పైచిలుకు కాగితం, అట్ట తయారవుతున్నాయి. దాదాపు మూడింట రెండు వంతులు పెట్టెలకు, ప్యాకింగుకు పోతున్నాయి. రాసుకునే కాగితం, అచ్చు కాగితం వాడకం ఐరోపాలో, అమెరికాలో ఏటికేడాది పడిపోతోంది. ఉత్తరాలు, బిల్లులు, పత్రికలు ఫోన్లలోకి చేరాయి. గిరాకీ లేని చోట మిల్లు ఎందుకు నడుస్తుంది? ఫిన్లాండ్‌లో యూపీఎం కంపెనీ 2020 చివర కైపోలా మిల్లు మూసేసింది. ఆ దేశంలో న్యూస్‌ప్రింట్ తయారుచేసే చివరి మిల్లు అదే. మరుసటి ఏడాది స్టోరా ఎన్సో కంపెనీ ఫిన్లాండ్‌లో ఒక పెద్ద మిల్లును, స్వీడన్‌లో క్వార్న్‌స్వెడెన్ మిల్లును మూసింది. ఔలు పట్టణంలోని మిల్లును అట్టపెట్టెల కాగితానికి మార్చేసింది. ఒకసారి అట్టకు మారిన యంత్రాన్ని మళ్లీ తెల్లకాగితానికి తిప్పడం తేలిక పని కాదు.

ఆ దేశాల సంగతి మనకెందుకు అనుకునేవారు రాజమండ్రి మిల్లు కథ తెలుసుకోవాలి. 1924లో పునాది పడ్డ ఆ మిల్లును 2011లో అమెరికాకు చెందిన ఇంటర్నేషనల్ పేపర్ కొన్నది. ఎనిమిదేళ్లకే, 2019లో, అందులో పెద్ద వాటాను వెస్ట్ కోస్ట్ పేపర్ మిల్స్‌కు అమ్మేసింది. 2021లో రాత కాగితం వ్యాపారాన్నే సిల్వామో అనే వేరే కంపెనీగా విడదీసి, తాను ప్యాకింగ్ వైపు నిలబడింది. ప్రపంచంలోనే పెద్ద కాగితం కంపెనీల్లో ఒకటి తీసుకున్న నిర్ణయం అది. తెల్లకాగితంలో రేపటి లాభం లేదని వాళ్లు లెక్కగట్టారు.

మన లెక్క వేరు. భారతదేశంలో మనిషికి ఏడాదికి 15, 16 కిలోల కాగితమే దక్కుతోంది. ప్రపంచ సగటు అంతకు మూడు రెట్ల పైమాటే. రాత కాగితం వాడకం ఇంకా పెరుగుతున్న కొద్ది దేశాల్లో మనది ఒకటి. ఎందుకంటే మన పిల్లలు ఇంకా బడికి కొత్తగా వస్తున్నారు, ఇంటర్‌కు, డిగ్రీకి కొత్తగా చేరుతున్నారు. అమ్మేవాళ్లు తగ్గి కొనేవాళ్లు మిగిలిన సంతలో ఏం జరుగుతుందో మన రైతులకు ఒకరు చెప్పక్కర్లేదు. ఒక వారం సరుకు గుట్టలు పడుతుంది, ఇంకో వారం దొరకదు. తెల్లకాగితం సంత అలాగే పలచబడింది. ఒక ఏడాది ఇండోనేషియా, చైనా కాగితం చౌకగా దిగి మన మిల్లులు కుదేలవుతాయి. మరో ఏడాది దుకాణంలో రీము అడిగితే రేటు రెండు రోజులకోసారి మారుతుంది.

2022లో ఇది చూశాం. కరోనాతో బడులు మూతపడి రెండేళ్లు కాగితానికి గిరాకీ లేక మిల్లులు ఉత్పత్తి తగ్గించాయి. చిత్తుకాగితం సేకరణ కుంటుపడింది. చైనా 2021 జనవరి 1 నుంచి చిత్తుకాగితం దిగుమతిని పూర్తిగా ఆపేసి, గుజ్జునూ కాగితాన్నీ బయటి నుంచి మరింతగా తెచ్చుకోవడం మొదలుపెట్టింది. ఓడల కిరాయిలు, బొగ్గు ధరలు పెరిగాయి. ఫిన్లాండ్ యూపీఎం మిల్లుల్లో జనవరి నుంచి ఏప్రిల్ దాకా సమ్మె నడిచింది. సరిగ్గా అప్పుడే దేశమంతటా బడులు పూర్తిగా తెరుచుకున్నాయి. నోటుబుక్కు ధర ఎక్కింది. శ్రీలంకలో ఆ మార్చి నెలలో ప్రశ్నపత్రాలు అచ్చువేయడానికి కాగితం లేక, కొనడానికి డాలర్లు లేక, పడమటి రాష్ట్రంలో లక్షలాది పిల్లల టర్మ్ పరీక్షలు వాయిదా పడ్డాయి. పరీక్షకు సిద్ధమైన పిల్లవాడికి కాగితం లేదని చెప్పి ఇంటికి పంపడం ఎంత ఘోరం! మన దేశం అంత దీనస్థితిలో లేదు, నిజమే. కానీ వెయ్యి రూపాయల నోటుబుక్కులు పదిహేను వందలైతే కూలిపనికి వెళ్లే తల్లి ముందుగా తగ్గించేది ఆడపిల్ల పుస్తకాలనే. నాకున్న భయం అదీ.

ట్యాబులు వచ్చాయిగా అంటారు. మన రాష్ట్రంలో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచారు. పదో తరగతి పరీక్ష ఇప్పటికీ కాగితం మీదే రాయాలి. లెక్క చేతితో చేస్తేనే వస్తుంది. ముందుగా తెరల వెంట పరుగెత్తిన దేశాల్లో ఒకటైన స్వీడన్ 2023లో మళ్లీ అచ్చుపుస్తకాలకు డబ్బు కేటాయించింది.

మన దగ్గర మిల్లుల బలం ఎంత? కర్నూలు పక్కన గొందిపర్లలో రాయలసీమ పేపర్ మిల్స్ ఉండేది. నల్లమల వెదురు అక్కడికి వెళ్లేది. మిల్లు మూతపడి ఏళ్లయింది, వెదురు పొదలు పలచబడిన మాటా నిజమే. కాగజ్‌నగర్‌లో నిజాం కాలపు సిర్పూర్ మిల్లు 2014లో ఆగిపోయి, 2018లో జేకే పేపర్ చేతికి వచ్చాకే మళ్లీ నడిచింది. ఆ నాలుగేళ్లు కార్మికుల ఇళ్లు ఎలా గడిచాయో ఆ ఊరినే అడగాలి.

ఇక్కడే రైతులకు కూడా ఒక మాట. శనగ ధర దెబ్బతిన్నప్పుడల్లా సుబాబుల్ వేయండి, జామాయిల్ వేయండి, పేపర్ మిల్లు వాళ్లు కొంటారు అనేవాళ్లు వస్తారు. నల్లరేగడిలో చెట్టు పెరుగుతుంది, కాదనను. కానీ కోతకు మూడు, నాలుగేళ్లు పడుతుంది. కొనే మిల్లులు రాజమండ్రిలో, సారపాకలో ఉన్నాయి. పచ్చి కట్టె బరువు వందల కిలోమీటర్లు లారీలో పోవాలి. ప్రకాశం, కృష్ణా, గుంటూరు జిల్లాల సుబాబుల్ రైతులు గిట్టుబాటు ధర కోసం, బకాయిల కోసం రోడ్డెక్కిన సంగతి మరవకండి. మిల్లులకు దగ్గరగా ఉన్నవాళ్ల గతే అది. కొనుగోలు ధర, రవాణా ఎవరిది, డబ్బు ఎన్నాళ్లకు అనేవి కాగితం మీద పెట్టనిదే ఒక్క మొక్క కూడా నాటకండి.

పన్ను సంగతి కూడా గమనించాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి నోటుబుక్కుల మీద జీఎస్టీ పూర్తిగా తీసేశారు, వాటికి వాడే కాగితం మీద కూడా. మంచి పని. కానీ మిగతా రాత, అచ్చు కాగితం మీద పన్ను 12 నుంచి 18 శాతానికి పెరిగింది. అచ్చుపుస్తకానికి పన్ను లేదు కాబట్టి, కాగితం మీద కట్టిన పన్నును ప్రచురణకర్త తిరిగి రాబట్టుకోలేడు. చివరికి అది గైడు ధరలో, మోడల్ పేపర్ల ధరలో, జిరాక్స్ పేజీ ధరలో తేలుతుంది. ఈ మెలికను సరిచేయమని మన ప్రజాప్రతినిధులు గట్టిగా అడగాలి.

ధర పెంచకుండా మోసం చేసే దారి ఇంకొకటి ఉంది: కాగితం పలచన చేయడం. జీఎస్ఎం అంటే ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. సుమారు 27 సెంటీమీటర్ల పొడవు, 17 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న 200 పేజీల నోటుబుక్కు 54 జీఎస్ఎం కాగితంతో చేస్తే అట్ట కాకుండా 250 గ్రాములకు దగ్గరగా తూగుతుంది. 45 జీఎస్ఎం అయితే 210 గ్రాములు కూడా రాదు. అంగట్లో తూకం ఉంటుంది, పెట్టి చూడండి. పేజీలు లెక్కపెట్టండి. పెన్నుతో ఒక గీత గీసి వెనక్కి తిప్పి చూడండి. సిరా అవతలికి దిగితే ఆ పుస్తకం పిల్లవాడికి సగమే పనికొస్తుంది. ఏడాదికి సరిపడా కొనండి, అంతకు మించి వద్దు. ఎలుక, చెద చేరని పొడి చోట పెట్టండి.

ప్రైవేటు బడుల యాజమాన్యాలు తమ పేరు అచ్చేసిన పుస్తకాలే కొనాలని పట్టుబట్టడం ఆపాలి. బయట చౌకగా, దళసరిగా దొరికేది కొనుక్కునే హక్కు తల్లిదండ్రులది. సర్కారు బడులకు కిట్లలో వచ్చే నోటుబుక్కుల టెండర్లు జనవరిలోనే తేలాలి. ఏప్రిల్‌లో ధర చూసి జూన్‌లో పరుగులు పెడితే పలచటి కాగితమే అంటగడతారు. ఈ ఏడాది ఎన్ని జీఎస్ఎం కాగితం, ఎన్ని పుస్తకాలు, ఏ తేదీకి వస్తాయో నంద్యాల జిల్లా విద్యాశాఖ ప్రతి మండల కేంద్రంలోనూ బోర్డు మీద రాసిపెట్టాలి. ఫిబ్రవరి నెలాఖరుకు ఆ బోర్డు కనబడకపోతే, బడుల తల్లిదండ్రుల కమిటీలు కలిసి వెళ్లి ఎంఈఓ దగ్గర రాతపూర్వకంగా అడిగి రసీదు తీసుకోవాలి.