క్రిప్టో బాట్‌కి ‘ఎల్‌పీ సపోర్ట్’ వచ్చింది సరే, టీడీఎస్ సంగతేంటి?

దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండే తమ్ముళ్లు ఈమధ్య నన్ను ఎక్కువగా అడుగుతున్నది గేమింగ్ ఫోన్ గురించి కాదు. ‘అన్నా, ట్రేడింగ్ బాట్ 24 గంటలూ నడపాలి, ఏ ల్యాప్‌టాప్ తీసుకోవాలి?’ అని. కొత్త వెర్షన్‌లో లిక్విడిటీ ప్రొవైడర్ సపోర్ట్ ఇచ్చారట, ఇక మనం పడుకున్నా డబ్బులొస్తాయట. నా సమాధానం ముందే చెప్పేస్తా: దీనికోసం ల్యాప్‌టాప్ కొనకండి. హమ్మింగ్‌బాట్ లాంటి ఓపెన్ సోర్స్ బాట్ రాస్ప్‌బెర్రీ పై మీద కూడా నడుస్తుంది. సమస్య ప్రాసెసర్‌లో లేదు, లెక్కలో ఉంది.

అసలు ఎల్‌పీ అంటే ఏంటి? పండ్ల మార్కెట్ బాటసింగారం వెళ్లకముందు కొత్తపేటలో ఉండేది, ఎల్బీనగర్ వైపు వాళ్లకి గుర్తుండే ఉంటుంది. అమ్మేవాడి దగ్గర ఒక రేటుకి కొని, కొనేవాడికి రూపాయి ఎక్కువకి అమ్మే వ్యాపారిని ఊహించుకోండి. ఆయన బతుకంతా ఆ రూపాయి మీదే. కాయిన్ల మార్కెట్‌లో ఆ పని చేసేవాడే లిక్విడిటీ ప్రొవైడర్. పాత ఫారెక్స్ సాఫ్ట్‌వేర్‌లో ‘ఎల్‌పీ కనెక్షన్’ అంటే మన బ్రోకర్ వెనకాల ఉండే పెద్ద సంస్థ. యూనిస్వాప్ లాంటి చోట మాత్రం ఎల్‌పీ మీరే, రిస్కూ మీదే. యాడ్స్‌లో ఈ రెండిటినీ కలిపేసి చెప్తారు, అక్కడే చాలామంది బోల్తా పడతారు.

ఇప్పుడు లెక్క చూద్దాం. మన దేశంలో 2022 జూలై 1 నుంచి క్రిప్టో అమ్మకం మీద 1% టీడీఎస్ ఉంది. 10,000 రూపాయలతో బాట్ పెట్టారు, ఒక్కో రౌండ్‌కి 0.2% మిగులుతోంది అనుకుందాం. లాభం 20 రూపాయలు, టీడీఎస్ 100 రూపాయలు. ఇలా 50 సార్లు అమ్మితే, బాట్ ప్రతిసారీ గెలిచినా, చేతిలో మిగిలేది సుమారు 6,690. ఎక్స్ఛేంజీ ఫీజు ఇంకా కలపనేలేదు! టీడీఎస్ పోయిన డబ్బేం కాదు, రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. కానీ చురుగ్గా తిరిగే బాట్‌కి 50 రౌండ్లంటే ఒక్కరోజు పని. రీఫండ్ మాత్రం వచ్చే ఏడాది మాట.

దీనికన్నా ఘోరం ఇంకోటుంది. లాభం మీద 30% పన్ను, నష్టాన్ని అందులోంచి తీసేయడానికి లేదు. ఒక కాయిన్‌లో వెయ్యి వచ్చి ఇంకో కాయిన్‌లో వెయ్యి పోతే మీ సంపాదన సున్నా, కట్టాల్సిన పన్ను 300, పైగా సెస్సు. రోజంతా కొంచెం గెలుస్తూ కొంచెం ఓడిపోతూ ఉండే మార్కెట్ మేకింగ్ బాట్‌కి ఇది సరిగ్గా ఉరితాడే.

పూల్‌లో డబ్బు పెడితే? అక్కడ ఇంపర్మనెంట్ లాస్ కాచుకుని ఉంటుంది. మామూలు యూనిస్వాప్ పూల్‌లో కాయిన్ ధర రెట్టింపైతే, ఊరికే దాచుకున్నవాడి కన్నా మీ దగ్గర 5.7% తక్కువ ఉంటుంది. ఫీజుల రూపంలో అంతకన్నా ఎక్కువ వస్తేనే లాభం. 2021లో వచ్చిన వీ3లో మీరు పెట్టిన రేంజ్ దాటి ధర వెళ్లిపోతే ఆ ఫీజూ ఆగిపోతుంది. రేంజ్ మార్చే పని బాట్ చేస్తుంది నిజమే, మార్చిన ప్రతిసారీ గ్యాస్ ఖర్చు ఎవరిస్తారు?

బాట్లు రాసే డెవలపర్లని నేను అడిగేది ఒక్కటే. ఇండియాలో ‘ఎల్‌పీ సపోర్ట్’ అని అమ్మేటప్పుడు బ్యాక్‌టెస్ట్‌లో టీడీఎస్, పన్ను పోగా మిగిలేదెంతో చూపించే ఆప్షన్ పెట్టండి. కోడ్ పరంగా అదేమంత కష్టం కాదు. పెడితే గ్రాఫ్ కిందికి చూస్తుంది, అందుకే పెట్టరని నా అనుమానం.

ఎవరేం చెప్పినా ప్రయత్నిస్తాం అనేవాళ్లు ముందు పేపర్ ట్రేడింగ్ మోడ్‌లో నెల రోజులు నడపండి, ప్రతి అమ్మకానికీ 1% మీరే కోసి రాసుకోండి. ఏపీఐ కీ ఇచ్చేటప్పుడు విత్‌డ్రాయల్ పర్మిషన్ ఆఫ్‌లో ఉంచండి. అయినా ఎక్స్ఛేంజీకే కన్నం పడితే ఆ సెట్టింగ్ కాపాడదు: 2024 జూలై 18న వజీర్‌ఎక్స్ నుంచి 23 కోట్ల డాలర్లకు పైగా పోయింది. హాస్టల్ ఫీజు డబ్బులు మాత్రం అందులో పెట్టకండి తమ్ముళ్లూ.